మంట తగ్గుతుందని మనం నమ్మేవి



ఛాతీలో మంట, పులితేన్పులు, గొంతులోకి ఎగదన్నే చేదునీళ్లు. ఈ బాధ గురించి ఎవరు మాట్లాడినా మొదట వినిపించేది ఒక్కటే: కారం మానండి, పులుపు మానండి, నూనె మానండి. ఆ సంగతీ చెప్పుకుందాం. కానీ ఇవాళ ముందుగా మీ దృష్టికి తేవాలనుకుంటున్నది వేరే జాబితా. అది మంట పుట్టాక తగ్గుతుందని మనం నోట్లో వేసుకునేవాటి జాబితా. బిరియానీ తిన్నాక కొట్టించే సోడా, నీళ్లలో పొంగించి గటగటా తాగే గ్యాస్ పొడి, పడుకోబోయే ముందు గ్లాసెడు పాలు, నోరు చల్లబడుతుందని చప్పరించే పిప్పరమెంటు బిళ్ల, దాంతోపాటు ఒళ్లునొప్పులకు వేసుకునే మాత్ర. వీటిలో చాలావాటికి ఆ మంటను తిరిగి రప్పించే గుణం ఉంది. తిండి విషయంలో జాగ్రత్తగా ఉండే ఇళ్లలో కూడా వీటిని ఎవరూ అనుమానించరు.

ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే లోపల ఏం ఉందో కాస్త తెలుసుకోవాలి. మన కడుపులో రోజుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌట్ ప్రకటించాడు. ఆ ఆమ్లం మనకు శత్రువు కాదు. పప్పు, గుడ్డు, మాంసం అరగాలన్నా, తిండితో లోపలికి పోయిన సూక్ష్మజీవులు చావాలన్నా అది కావాలి. కడుపు లోపలి గోడకు జిగురు పూత దట్టంగా ఉంటుంది కనుక ఆమ్లం దాన్ని ఏమీ చేయదు. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. అందుకే ఆ రెండూ కలిసే చోట మూడు నాలుగు సెంటీమీటర్ల మేర ఒక కండరం ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది. ముద్ద మింగినప్పుడు తెరుచుకుంటుంది, వెంటనే మూసుకుంటుంది. కడుపు బాగా ఉబ్బినప్పుడు, మనం ఏమీ మింగకపోయినా, లోపలి గాలిని వదలడానికి కొన్ని సెకన్లు సడలుతుంది. అదే తేన్పు. ఆ కొన్ని సెకన్లలో గాలి వెంట ఆమ్లం కూడా పైకి వచ్చిందంటే మంటే.

ఇక ఏ పదార్థం గురించి అనుమానం వచ్చినా చూడాల్సింది ఇదే: అది ఆ కండరాన్ని వదులు చేస్తుందా, కడుపును ఉబ్బిస్తుందా, అప్పటికే ఒరిసిపోయిన అన్నవాహికకు తగిలి చురుక్కుమనిపిస్తుందా?

సోడాతో మొదలుపెడదాం. గోలీసోడా అయినా, నిమ్మసోడా అయినా, జీరా సోడా అయినా, ప్లాస్టిక్ సీసాలో వచ్చే కూల్‌డ్రింకు అయినా లోపల ఉన్నది ఒత్తిడితో కరిగించిన కార్బన్ డయాక్సైడు. కడుపులోకి వెళ్లగానే ఆ వాయువు విడిపోయి కడుపును సాగదీస్తుంది. ఒక పెద్ద తేన్పు వస్తుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ తేన్పు సోడాలోని గాలిదే. మనం పోసిన గాలినే మనం బయటకు వదిలి, అరిగిపోయిందని సంబరపడుతున్నాం. ఆ తేన్పు కోసం తెరుచుకున్న దారిలోనే బిరియానీ మీద ఊరిన ఆమ్లం పైకి వస్తుంది. అందులో నిమ్మరసం కూడా పిండి ఉంటే, ఒరిసిన చోట ఆ పులుపు విడిగా మండుతుంది.

గ్యాస్ పొడి, అంటే మెడికల్ షాపుల్లోనూ కిరాణా కొట్లలోనూ చిన్న ప్యాకెట్లుగా దొరికే ఫ్రూట్ సాల్ట్, సోడా కంటే కాస్త నయం. అందులో వంటసోడా ఉంటుంది కాబట్టి ఆమ్లాన్ని నిజంగానే విరుస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడితే తప్పులేదు. ఇబ్బంది రెండు రకాలు. పొంగే గాలి సంగతి సోడాకు చెప్పుకున్నదే. రెండోది ఉప్పు. బాగా అమ్ముడయ్యే 5 గ్రాముల ప్యాకెట్లో సోడియం సుమారు 850 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 2000 మిల్లీగ్రాముల లోపే సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పచ్చళ్లు, అప్పడాలు, వడియాలతోనే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతాం. బీపీ ఉన్నవాళ్లు, గుండె నీరసించినవాళ్లు, కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు పప్పులో ఉప్పు తగ్గించుకుని, రోజూ రాత్రి ఈ పొడి కలుపుకుని తాగడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. తియ్యగా, నిమ్మకాయ వాసనతో ఉంటుంది కనుక అందులో ఉప్పు ఉందని ఎవరికీ తోచదు.

పాలు. అల్సర్ ఉన్నవాళ్లకు గంటగంటకూ పాలు పట్టడం ఒకప్పుడు వైద్యంలో భాగమే. ఆ అలవాటు మన ఇళ్లలో ఇంకా మిగిలి ఉంది. చల్లటి పాలు తాగిన కాసేపు హాయిగా ఉండే మాట నిజమే. కానీ పాలలోని మాంసకృత్తులు, కాల్షియం కడుపును మళ్లీ ఆమ్లం ఊరమని ప్రేరేపిస్తాయి. మీగడ ఉన్న పాలైతే కొవ్వు వల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. పడుకునే ముందు తాగితే ఆ కొత్త ఆమ్లం సరిగ్గా మనం వెల్లకిలా ఉన్న వేళకు తయారవుతుంది. పాలు తాగాలనుకుంటే సాయంత్రమే తాగేయండి.

పిప్పరమెంటు విషయం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. పిప్పరమెంటు నూనె కండరాలను సడలిస్తుంది. పేగుల్లో మెలిపెట్టే నొప్పికి దాన్ని మందుగా వాడేది అందుకే. ఆ మందు గొట్టాలకు కడుపులో కరగకుండా పేగుల్లోకి వెళ్లాకే కరిగే పూత వేసి అమ్ముతారు. కడుపులోనే కరిగితే పైనున్న కండరం కూడా వదులై ఛాతీలో మంట వస్తుందని. అలాంటిది భోజనం కాగానే ఘాటైన మింటు బిళ్ల చప్పరించడం, మెంథాల్ దట్టించిన పాన్ నమలడం దేనికి? మన పుదీనా పచ్చడిని మాత్రం ఈ గాటన కట్టలేం. అందులోని ఆకు మోతాదు తక్కువ, ఆ జాతి పుదీనాలో మెంథాల్ కూడా అంత ఉండదు. పుదీనా పచ్చడి తిన్న ప్రతిసారీ మీకు మంట వస్తుంటే ఆపండి, లేకపోతే నిశ్చింతగా తినండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే విషయానికి వస్తాను. అది నొప్పి మాత్ర.

వరినాట్ల రోజుల్లో నడుం వంచి పనిచేసే ఆడవాళ్లు, రోజంతా నిలబడే హోటల్ పనివాళ్లు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు నొప్పి బిళ్ల వేసుకోకుండా మంచం దిగలేని పరిస్థితి ఉంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి చీటీ లేకుండానే దొరుకుతాయి. ఈ మందులు నొప్పిని తగ్గించే దారిలోనే కడుపును కాపాడే జిగురు పూత తయారీని కూడా తగ్గిస్తాయి. మొదట మంట, ఆ తర్వాత పుండు, ఒక్కోసారి లోపల రక్తస్రావం. మంటకు గ్యాస్ మాత్ర, నొప్పికి నొప్పి బిళ్ల, ఈ రెండూ ఒకే పొట్లంలో కట్టించుకుని నెలల తరబడి మింగేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే ఆ బిళ్ల పేరు చదవండి. చదివి ఒక్కసారి డాక్టరుకు చూపించండి. కడుపుకు ఇంత హాని చేయని మార్గం ఆయన చెప్పగలరు.

మరికొన్ని మాత్రలు మింగే తీరు వల్ల మండిస్తాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, ఐరన్ మాత్రలు, ఎముకల బలానికి వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ లాంటివి గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలోనే అంటుకుని పుండు చేస్తాయి. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, తర్వాత కనీసం అరగంట కూర్చోనైనా ఉండాలి, నిలబడైనా ఉండాలి. ఇంకా కొన్ని మందులకు ఆ కండరాన్ని సడలించే గుణం ఉంది: బీపీకి వాడే నిఫెడిపిన్ వంటివి, ఆయాసానికి వాడే థియోఫిలిన్, గుండెనొప్పికి వాడే నైట్రేట్లు. దయచేసి ఇది విని ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి. ముఖ్యంగా గుండె కోసం రాసిన ఆస్పిరిన్. మంట వస్తోందని డాక్టరుకు చెప్పడమే మీ పని, మందు మార్చాలా వద్దా అన్నది వారి నిర్ణయం.

ఇక గ్యాస్ మాత్ర. ఒమెప్రజోల్ 1988లో స్వీడన్‌లో మార్కెట్లోకి వచ్చింది. దాని తోబుట్టువులే మనం వాడే పాంటోప్రజోల్, రాబెప్రజోల్. అన్నవాహిక నిజంగా పుండుపడినవారికి ఇవి వరప్రసాదాలు, అందులో సందేహం లేదు. కానీ వీటిని మనం వాడే పద్ధతే చాలావరకు తప్పు. ఆమ్లాన్ని తోడే కణాలు తిండి తిన్నప్పుడు మేల్కొంటాయి. మందు అప్పటికే రక్తంలో సిద్ధంగా ఉంటేనే వాటిని పట్టుకోగలదు. అందుకే తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మనవాళ్లు కడుపునిండా తిని, మంట పుట్టాక వేసుకుంటారు. పనిచేయలేదని రెండోది వేసుకుంటారు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఏ మంటా లేని 120 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. సగం మందికి 8 వారాలు ఈ జాతి మందు ఇచ్చి ఆపేశారు, మిగతా సగానికి మొదటినుంచీ ఉత్తుత్తి మాత్రే. ఆపిన తర్వాతి వారాల్లో మందు వాడినవారిలో 44 శాతం మందికి మంట, పులితేన్పులు వంటివి మొదలయ్యాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఆ సంఖ్య 15 శాతం. ఇన్నాళ్లూ అణిచిపెట్టిన ఆమ్లం ఒక్కసారిగా ఎక్కువగా ఊరడమే దానికి కారణం. అంటే జబ్బు లేనివాళ్లకు కూడా మందు ఆపడం వల్ల మంట రావచ్చు. ఆ మంటను చూసి, నాకింకా తగ్గలేదనుకుని మళ్లీ మాత్ర మొదలుపెట్టి ఏళ్లకు ఏళ్లు కొనసాగిస్తున్నవారు ఉన్నారు. చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా ఆపకుండా, డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకోవాలి. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్, మెగ్నీషియం తగ్గుతాయి కనుక, అవసరం ఉందో లేదో ఏడాదికి ఒకసారైనా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు తిండి. మన కారం మీద ఎన్ని నిందలున్నాయో నాకు తెలుసు. గుంటూరు మిరపకాయ ఆమ్లాన్ని పుట్టించదు. అందులోని క్యాప్సైసిన్ నరాల కొసల్లో వేడిని పసిగట్టే గ్రాహకానికి తగులుతుంది. నిప్పు తగిలిందని మెదడుకు కబురు వెళ్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అన్నవాహికలోనూ అవే గ్రాహకాలున్నాయి. కాబట్టి ఆమ్లం కొంచెమే పైకి వచ్చినా, ఆవకాయ తిన్న రోజు అది రెట్టింపుగా తెలుస్తుంది. చింతపండు పులుపు, టమాటా, నిమ్మ, నారింజ కూడా ఇంతే. కొత్తగా ఆమ్లాన్ని ఊరించడం కంటే ఉన్న గాయాన్ని గెలకడం వాటి పని. గాయం మానేదాకా పులిహోర, గోంగూర, చారు తగ్గించుకోమనడం న్యాయమే. జన్మంతా మానేయమనడం న్యాయం కాదు.

నూనె, నెయ్యి, కొవ్వుల సంగతి వేరు. వీటి మీద నింద నిలుస్తుంది. కొవ్వు చేరగానే పేగుల నుంచి వెలువడే హార్మోను కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది, ఆ కండరాన్ని కూడా వదులు చేస్తుంది. మిరపకాయ బజ్జీ మండిస్తే అందులో మిరపకాయ పాత్ర కంటే పీల్చుకున్న నూనె పాత్ర ఎక్కువ కావచ్చు. రాత్రి పెళ్లి విందులో పదిన్నరకు మటన్ బిరియానీ, ఆపైన డబుల్ కా మీఠా, ఆపైన ఐస్‌క్రీం తిని పదకొండున్నరకు పడుకుంటే, తెల్లవారుజామున రెండింటికి గొంతు మండుతూ మెలకువ రావడంలో వింతేమీ లేదు.

చాక్లెట్, కాఫీ, టీ కొందరిని బాధిస్తాయి, కొందరిని ఏమీ చేయవు. అమెరికాలో సుమారు 43 వేల మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఐదు అలవాట్లు కలిసి ఉన్నవారిలో ఈ బాధ బాగా తక్కువగా కనిపించింది: తగిన బరువు, పొగతాగకపోవడం, రోజూ అరగంట ఒళ్లు కదిలే వ్యాయామం, కాఫీ, టీ, కూల్‌డ్రింకులు అన్నీ కలిపి రెండు కప్పులు దాటకపోవడం, కూరగాయలూ పళ్లూ ఎక్కువగా ఉన్న తిండి. రోజుకు ఆరేడు సార్లు టీ తాగే మన ఆఫీసులు, ఆటో స్టాండ్లు, కోర్టు ఆవరణలు ఆ రెండు కప్పుల మాట గుర్తుంచుకోవాలి.

పొగాకు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. బీడీ, సిగరెట్, ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట, ఖైనీ, గుట్కా, ఏ రూపంలోనైనా నికోటిన్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది. పొగ లాలాజలాన్నీ తగ్గిస్తుంది. అన్నవాహికలోకి వచ్చిన ఆమ్లాన్ని కడిగి విరిచేది లాలాజలమే. మద్యం, కల్లు కూడా ఆ కండరానికి శత్రువులే. ఇవి మానకుండా కారం మానేసి ప్రయోజనం లేదు.

తినే వస్తువు కంటే ఒంటి బరువు, పడుకునే తీరు ముఖ్యమన్నది ఊరికే చెప్పే మాట కాదు. ఈ బాధకు చెప్పే జాగ్రత్తల మీద అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ 2006లో అమెరికా వైద్యులు జల్లెడ పట్టారు. బరువు తగ్గడం, తలవైపు మంచం ఎత్తు చేయడం, ఈ రెండింటికే గట్టి ఆధారం దొరికింది. ఫలానా పదార్థం మానితే అందరికీ తగ్గుతుందనడానికి తగినంత ఆధారం దొరకలేదు. పదార్థాలకు గుణం లేదని దాని అర్థం కాదు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడదని. మూత వదులుగా ఉన్న సీసాను అడ్డంగా పడుకోబెడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, కడుపుదీ అదే పరిస్థితి.

మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలో, చెక్క దిమ్మెలో పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. రెండు మూడు దిండ్లు పేర్చుకుంటే నడుం దగ్గర ఒళ్లు మడతపడి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది, అది పనికిరాదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే కడుపులోని ఆమ్లం ఆ కండరం కంటే దిగువన ఉంటుంది, కుడివైపు పడుకుంటే ఎగువకు వస్తుంది. బిగుతైన బెల్టు, ముడి బిగించి కట్టిన లంగా బొందు కూడా కడుపును నొక్కుతాయి. తిన్నాక వాటిని కాస్త వదులు చేసుకోండి. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించమని డాక్టర్లు చెబుతారు. రాత్రి పదింటికి దుకాణం కట్టేవారికి, రెండో షిఫ్టు చేసేవారికి అది కుదరదు. అలాంటివారు సాయంత్రం ఆరేడింటికి పని చోటే సగం కడుపు తినేసి, ఇంటికి వచ్చాక రెండు ఇడ్లీలో, నూనె లేని ఒక పుల్కానో, కాస్త జావో తీసుకుంటే చాలు.

మీకు పడనిది ఏదో కనిపెట్టడానికి ఒక నోటుపుస్తకం సరిపోతుంది. రెండు వారాలు తిన్నది, తిన్న వేళ, పడుకున్న వేళ, మంట వచ్చిన వేళ రాయండి. వేసుకున్న మాత్రలు, తాగిన సోడాలు కూడా వదలకుండా రాయండి. అనుమానం వచ్చినదాన్ని ఒకటి మాత్రమే ఆపి చూడండి. అన్నీ ఒకేసారి ఆపితే దోషి ఎవరో ఎప్పటికీ తెలియదు, పైగా నోటికి రుచి లేక వారానికే విసుగొస్తుంది.

కొన్ని లక్షణాలకు మాత్రం ఈ పుస్తకం, ఈ చిట్కాలు ఏవీ సరిపోవు. ముద్ద గొంతు దిగకపోవడం, మింగితే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం వాంతి కావడం, మలం తారులా నల్లగా రావడం, రక్తహీనత, అరవై దాటాక కొత్తగా మొదలైన మంట. వీటిలో ఏది ఉన్నా మాత్రలు మింగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఎండోస్కోపీ చేయాలో లేదో వాళ్లు చెబుతారు.

చివరగా ఒక విన్నపం. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు నొప్పి వస్తే, అది ఎడమ చేతికో దవడకో పాకితే, చెమటలు పట్టి ఆయాసం వస్తే, గ్యాసేమోనని సోడా తాగి చూడకండి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఉత్త మంటలా, వికారంలా, కడుపు ఉబ్బరంలానే మొదలవుతుంది. ఆ సమయంలో పోయే ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి. గుండెకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పాకే మంట గురించి ఆలోచించండి.